బొమ్మ కింద సంవత్సరం వేయండి

సంపాదకుడు గారికి,

పార్కుల్లో పెట్టే ఫైబర్ డైనోసార్లు, పిల్లల పుస్తకాల్లోని రాక్షస బల్లులు నేటికీ చాలాచోట్ల తోక నేలకానించి కంగారూలా నిటారుగా నిలబడే కనిపిస్తాయి. ఆ నిలబడే తీరు తప్పని తేలి నలభై ఏళ్లు దాటింది. ('రాక్షస బల్లి' అన్న మాటా అలాంటిదే. డైనోసార్లు బల్లులు కావు. వాటి కాళ్లు పక్కలకు చాచినట్టు కాక ఒంటి కిందే స్తంభాల్లా ఉండేవి.)

బొమ్మలు ఎలా తప్పుతాయో చెప్పడానికి ఇగ్వానోడాన్ అనే డైనోసార్ మంచి ఉదాహరణ. 1825లో ఇంగ్లండ్ వైద్యుడు గిడియన్ మాంటెల్ దానికి పేరు పెట్టేనాటికి ఆయన దగ్గరున్నవి ముఖ్యంగా పళ్లే. అవి ఇగ్వానా అనే బల్లి పళ్లలా ఉన్నాయి కనుక జంతువునూ పెద్ద ఇగ్వానాగానే ఊహించాడు. విడిగా దొరికిన మొనదేలిన ఎముకను ముక్కు మీద కొమ్ముగా పెట్టాడు. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో వాటర్‌హౌస్ హాకిన్స్ చేసిన ఇగ్వానోడాన్ విగ్రహాలకూ ఆ కొమ్ము వచ్చి చేరింది. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గుగనిలో, 322 మీటర్ల లోతున, చెక్కుచెదరని అస్థిపంజరాలు బయటపడ్డాకగానీ అది చేతి బొటనవేలి ముల్లు అని రూఢి కాలేదు.

ఆ బెర్నిసార్ ఎముకలను కూర్చి నిలబెట్టి, ముక్కును సరిచేసిన శాస్త్రవేత్త లూయీ డోలో తోక దగ్గర పొరబడ్డాడు. కంగారూలా నిటారుగా నిలబెట్టాడు. జంతువును నిటారుగా నిలబెట్టాలంటే తోకను పైకి బాగా వంచాలి. కానీ ఆ తోకలో కండరాలను ఎముకలకు కట్టే స్నాయుబంధనాలు ఎముకలా గట్టిపడి అల్లుకుని ఉన్నాయి. అంత వంపుకు తోక విరగాల్సిందే. 1980లో శిలాజ శాస్త్రవేత్త డేవిడ్ నార్మన్ ఈ సంగతిని వివరంగా చూపాడు. అయినా బొమ్మల్లో తోక నేలనే ఉండిపోయింది. మూడో కాలులా ఆసరా ఇస్తుంది కాబట్టి చేసేవాళ్లకు అదే సులువు.

ఎముక లేని భాగాల విషయంలో తొలి చిత్రకారులను తప్పుపట్టలేం. క్రిస్టల్ ప్యాలెస్‌లోని ఇక్తియోసార్లకు (సముద్రంలో ఈదిన పాతకాలపు సరీసృపాలు) చేపకున్నట్టు వీపు మీద రెక్క లేదు. ఆ రెక్కలో ఎముకే లేదు మరి! 1890లలో జర్మనీలో చర్మపు అంచులతో సహా శిలాజాలు దొరికాకే అది తెలిసింది.

కాబట్టి పాత బొమ్మలను తీసేయమనడం లేదు. బ్రసెల్స్ మ్యూజియం డోలో నిలబెట్టిన ఎముకలను నేటికీ అలాగే ఉంచింది. మన పుస్తకాల్లో పాత చిత్రం వేస్తే కింద అది గీసిన సంవత్సరం వేయాలి. ఏది దొరికిన ఎముక, ఏది ఊహ అన్నదీ చెప్పాలి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. దాని పుర్రె దొరకలేదు. ఏ పుస్తకంలో దాని తల కనబడినా అది బంధుజాతుల తలలను చూసి వేసిందే.

పురపాలక సంఘాలు కొత్త విగ్రహాలకు పిలిచే టెండర్లలో నాలుగు ముక్కలు చేర్చితే చాలు. తోక నేలకు తాకకూడదు. వెన్ను, తోక దాదాపు ఒకే వరుసలో ఉండి బరువు తుంటి మీద తూగాలి. అందుకు కాళ్లలోని ఇనుప గొట్టాలను పునాది కాంక్రీటులోకి దించాలి, లేకపోతే బొమ్మ ముందుకు ఒరుగుతుంది. టైరనోసారస్ చేతికి రెండే వేళ్లు, అరచేతులు నేలవైపు కాక ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. ఎగిరే సరీసృపమైన టెరోసార్ డైనోసార్ కాదు కనుక దాని పక్కన 'డైనోసార్' అన్న పలక పెట్టకూడదు.

— భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్