పైలట్ నడుముకు తుపాకీ దేనికి?

సంపాదకులకు,

అయ్యా,

1999 నాటి ఐసీ 814 హైజాక్‌ను చూపి, మన పైలట్లకూ తుపాకులు ఇవ్వాలని కోరేవారికి ఈ జవాబు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికా కాంగ్రెస్ 2002లో చట్టం చేసి, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన పైలట్లకు శిక్షణ ఇచ్చి, కాక్‌పిట్‌లో (పైలట్లు కూర్చునే గదిలో) తుపాకీ ఉంచుకునే అధికారం కల్పించింది. ఉద్దేశాన్ని తప్పుపట్టలేము. చిక్కంతా ఆచరణలోనే ఉంది. కాక్‌పిట్ దాటితే తుపాకీకి తాళం పడాలన్న నియమం వల్ల, దానిని ఒరలో పెట్టి, ట్రిగ్గరు పక్కగా తాళం కొక్కెం దూర్చి, మళ్లీ తీయడం పైలట్లకు నిత్యకృత్యమైంది. 2008 మార్చిలో డెన్వర్ నుంచి షార్లెట్ వెళుతున్న యూఎస్ ఎయిర్‌వేస్ విమానం దిగబోయే ముందు, పైలట్ తుపాకీని సర్దుతుండగా అది పేలి, గుండు విమానం గోడను చీల్చుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగలకపోవడం అదృష్టమే తప్ప ఏర్పాటు గొప్పతనం కాదు.

పైగా, కాక్‌పిట్‌కు గుండుకు లొంగని తలుపులు ఇప్పుడు ఉండనే ఉన్నాయి. ఆ తలుపులు లేని 1999లో మన ఐసీ 814 విమానం హైజాక్ అయింది కనుక, దానిని ఉదాహరణగా చూపి నేడు తుపాకీ అడగడం సరికాదు. అసలు ముప్పు లోపలే ఉంటే? 2015లో జర్మనీ విమాన సంస్థ జర్మన్‌వింగ్స్ కో-పైలట్ కెప్టెన్‌ను బయట ఉంచి తలుపు బిగించుకుని, విమానాన్ని కూల్చి, తనతో సహా 150 మంది మరణానికి కారకుడయ్యాడు.

కొత్త ప్రయాణికుల విమానాలలో కాక్‌పిట్ ముందు రెండో అడ్డు ఉండాలని అమెరికా 2023లో నిబంధన తెచ్చింది. మన పౌర విమానయాన శాఖ పరిశీలించవలసింది దానిని.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం