ఉపగ్రహ ఇంటర్నెట్ ముందుగా ఎవరి డాబా ఎక్కాలి?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గారు 2025 జులైలో ఒక మాట అన్నారు. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ సంస్థ మన దేశంలో 20 లక్షల కనెక్షన్లకు మించి ఇవ్వజాలదని, అందువల్ల బీఎస్‌ఎన్‌ఎల్‌కు గానీ మిగతా టెలికాం సంస్థలకు గానీ వచ్చే ముప్పేమీ లేదని దాని సారాంశం. టెలికాం సంస్థలకు ధైర్యం చెప్పడానికి అన్న ఆ మాటను నేను మరో వైపు నుంచి లెక్క వేసుకున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గ్రామాలు దాదాపు 6 లక్షల 40 వేలు. 20 లక్షలను వాటికి పంచితే ఊరికి మూడు కనెక్షన్లు వస్తాయి. పట్టణాలకు ఒక్కటి కూడా ఇవ్వకుండా ఉంటేనే ఆ మూడు.

టవరు అందని చోటి కోసం పుట్టిన సేవ అని మొదట్లో చెప్పుకున్న ఈ ఇంటర్నెట్ ఇప్పుడు అందరి బజారులోకి వస్తోంది. 2024 సెప్టెంబరులో 40 లక్షలున్న స్టార్‌లింక్ చందాదారులు 2025 నవంబరు నాటికి ప్రపంచమంతటా 80 లక్షలయ్యారు. అమెజాన్ కూడా 2025 ఏప్రిల్ నుంచి తన ఉపగ్రహాలను వరసగా పైకి పంపుతోంది. మన దేశంలో వన్‌వెబ్, జియో సంస్థలకు ముందే అనుమతులు వచ్చాయి, స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో లైసెన్సు దక్కింది. వ్యాపారం పెరగడంలో తప్పు లేదు. అయితే ఈ సేవకున్న ఒక స్వభావాన్ని మన వార్తలు సరిగ్గా చెప్పడం లేదని నా అభిప్రాయం.

మన డాబాల మీది టీవీ గొడుగుకు బొమ్మ పంపే ఉపగ్రహం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒకే చోట నిలిచినట్టు ఉంటుంది. అది అందరికీ ఒకే బొమ్మను కురిపిస్తుంది కాబట్టి, ఊళ్లో పది గొడుగులున్నా వెయ్యి గొడుగులున్నా ఎవరి బొమ్మా తగ్గదు. ఇంటర్నెట్ సంగతి అది కాదు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి గనుక మాటకు జవాబు త్వరగా వస్తుంది, నిజమే. కానీ ఎవరి సినిమా వారిది, ఎవరి పాఠం వారిది, ఎవరి వేలిముద్ర వారిది కాబట్టి ఉన్న సామర్థ్యాన్ని ఆ ప్రాంతంలో ఆ క్షణాన వాడుతున్న వారంతా పంచుకోవలసిందే. ఎగువ మడులు నిండాక శివారు ఆయకట్టుకు ఎంత నీరు దిగుతుందో వంశధార కాలువ చివరి రైతును అడిగితే ఎవరికైనా అర్థమవుతుంది. కెన్యా రాజధాని నైరోబీలో 2024 నవంబరులో స్టార్‌లింక్ కొత్త కనెక్షన్లు ఇవ్వడం కొంతకాలం ఆపేసింది. కారణం ఉపగ్రహం చెడిపోవడం కాదు, నగరంలో గిరాకీ ఉన్న సామర్థ్యాన్ని మించిపోవడం. జనం పలచగా ఉండే చోట బ్రహ్మాండంగా పనిచేసే సేవ, జనం కిక్కిరిసిన చోట తడబడుతుంది. అంటే ఇది కొండకూ తీరానికీ తగినది. ఫైబరు ఇప్పటికే గుమ్మంలోకి వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలకు దీని అవసరం ఏపాటిది?

నేను తపాలా శాఖలో మెయిల్ ఓవర్సీరుగా చేసి రిటైరైన వాడిని. బ్రాంచి పోస్టాఫీసులు తనిఖీ చేయడానికి మందస కొండల అంచు ఊళ్లకు వెళ్లేవాడిని. ఉపాధి కూలి డబ్బు వేలిముద్ర మీద ఇచ్చే చేతి మిషను వచ్చాక, ఒక చోట మా బీపీఎం (బ్రాంచి పోస్టుమాస్టరు) ఆ మిషనును సంచిలో పెట్టుకుని, తీసుకోవలసిన వాళ్లందరినీ వెంటబెట్టుకుని ఊరి బయట మెట్ట ఎక్కేవాడు. అక్కడొక పనసచెట్టు ఉండేది. దాని మొదట్లో నిలబడితే సిగ్నలు రాదు, తూర్పు వైపు కొమ్మ కింద రెండడుగుల మేర వస్తుంది. ఆ రెండడుగుల్లో ఒక్కొక్కరే నిలబడి వేలు పెట్టాలి. ఒక ముసలమ్మ అయిదోసారి వేలు పెట్టి, తిరుగుతున్న గుండ్రటి గుర్తు వైపు చూసి, "ఏటి బాబూ, నా ఏలు అరిగిపోనాదా, నీ మిషను అరిగిపోనాదా?" అంది. ఆ రోజు ఆవిడకు డబ్బు అందలేదు. మర్నాడు మళ్లీ మెట్ట ఎక్కింది. ఆవిడ డబ్బు బ్యాంకులోనే ఉంది, వేలు చేతికే ఉంది, మధ్యన లేనిది సిగ్నలొక్కటే.

తీరం వైపు కథ వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరగడం అందరికీ గుర్తుంది. కరెంటు స్తంభాలు పడిపోగానే వాటి మీదుగా లాగిన రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం ఏపీ ఫైబర్‌నెట్ తీగ కూడా వాటితోనే పడిందని అంతగా గుర్తుండదు. 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకే మొదలైన ఆ పథకాన్ని నేను తక్కువ చేయను. స్తంభాల మీద తీగ లాగబట్టే అంత చవగ్గా, అంత త్వరగా ఊళ్లకు చేరింది. తుఫానుకు అదే బలహీనత అయింది. కరెంటు లేక టవర్ల బ్యాటరీలు అడుగంటాయి. మా ఊళ్లో గల్ఫ్‌లో వెల్డర్లుగా, రిగ్గర్లుగా పనిచేసే పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. తల్లిదండ్రులు బతికే ఉన్నారన్న ఒక్క మాట అక్కడికి చేరడానికి మా వీధిలో అయిదు రోజులు పట్టింది, అదీ ఒక కుర్రవాడు పడిన చెట్ల మధ్య నుంచి సైకిలు మోసుకుంటూ రోడ్డు దాకా వెళ్లి లారీ డ్రైవరు ఫోను అడుక్కోవడం వల్ల.

కుంభవృష్టి కురిసేటప్పుడు ఉపగ్రహ సంకేతం కూడా బలహీనపడుతుంది, గాలికి ఆ సంకేతాన్ని అందుకునే పళ్లెం ఎగిరిపోనూ వచ్చు. తుఫాను నెత్తిన ఉన్న ఆ కొద్ది గంటల్లో దీన్ని నమ్ముకోమని నేను చెప్పను. ఆకాశం తేరుకున్నాక వచ్చే అయిదారు రోజులే మాకు అసలు గండం, అప్పుడు ఈ పళ్లేనికి కావలసింది దాదాపు ఒక సీలింగ్ ఫ్యాను తినేంత కరెంటు. సోలారు పలక, బ్యాటరీ ఉంటే అది నడుస్తుంది.

ఇక ధర. నెలకు 3 వేల రూపాయల దాకా పడవచ్చని మంత్రిగారే అన్నారు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. పది రోజుల కూలి పోసి కొండల్లోని ఏ సవర గిరిజన కుటుంబమూ ఇంటర్నెట్ పెట్టుకోదు. కాబట్టి దీన్ని స్వేచ్ఛగా బజారుకు వదిలేస్తే అది కొండ ఎక్కదు, అపార్ట్‌మెంట్ ఎక్కుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ సంగతి గుర్తించకపోలేదు. 2025 మే 9న ఇచ్చిన సిఫార్సుల్లో సంస్థల సవరించిన స్థూల ఆదాయంపై 4 శాతం రుసుముతో పాటు, పట్టణ చందాదారు ఒక్కొక్కరికి ఏడాదికి 500 రూపాయలు అదనంగా కట్టాలంది. ఉద్దేశం మంచిదే. కానీ 500 అంటే నెలకు 42 రూపాయలు కూడా కాదు. 3 వేలు కట్టగలిగిన వాడు మరో 42కు వెనకాడతాడా? రుసుము వల్ల ప్రభుత్వానికి కొంత డబ్బు వస్తుందే తప్ప, వరసలో ముందున్న వాడు వెనక్కి జరగడు. సంస్థలకు స్పెక్ట్రమ్‌ను, అంటే సంకేతాలు పంపే రేడియో తరంగాలను, వేలం లేకుండా నేరుగా కేటాయించే వీలు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కల్పించింది. వేలం లేకుండా ఇచ్చే ప్రజల ఆస్తికి బదులుగా ఒక షరతు అడగడం అన్యాయం కాదు.

ఆ షరతు ఇదీ. ఫైబరుకు, టవరుకు దూరంగా ఉన్న కొండ గూడేలకు, తుఫాను తాకే తీర గ్రామాలకు ముందుగా సామూహిక కనెక్షన్లు ఇచ్చాకే పట్టణాల్లో అమ్మకాలు మొదలుపెట్టాలి. ఊరికి మూడని లెక్క తేలింది కదా. పాఠశాలకు ఒకటి, ఆరోగ్య ఉపకేంద్రానికి ఒకటి, తీరంలో తుఫాను షెల్టరుకు లేదా కొండ మీద పింఛను, కూలి డబ్బులిచ్చే చోటుకు ఒకటి. ఖర్చును డిజిటల్ భారత్ నిధి నుంచి పెట్టవచ్చు. పూర్వం సార్వత్రిక సేవల నిధి అన్న పేరుతో గ్రామాల కోసమే అది ఏర్పడింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో గడ్చిరోలి, నందుర్బార్ వంటి మారుమూల జిల్లాల కోసం స్టార్‌లింక్‌తో ఉద్దేశ పత్రం (లెటర్ ఆఫ్ ఇంటెంట్) రాసుకుంది. వన్‌వెబ్ ఉపగ్రహాలు 36 చొప్పున 2022 అక్టోబరులో, 2023 మార్చిలో రెండు విడతలుగా మన శ్రీహరికోట నుంచే పైకి వెళ్లాయి. ఈ తీరానికి ఆ చివర నుంచి ఎగిరిన వాటి ఫలం ఈ చివరకు దిగాలని అడగడానికి మనకు మొహమాటం అక్కర్లేదు.

రాష్ట్ర ప్రభుత్వానికి ఒక చిన్న మనవి కూడా ఉంది. తిత్లీ రాత్రి మేము తలదాచుకున్న భవనంలో జనరేటరు ఉంది, డీజిలు లేదు. దాని గది తాళం ఉన్న మనిషి పక్క ఊళ్లో ఉన్నాడు, మధ్యలో రోడ్డు మీద చెట్లున్నాయి. రేపు షెల్టర్లలో ఈ పరికరాలు పెడితే, బ్యాటరీని నెలకోసారి పరీక్షించే బాధ్యత ఎవరిదో, తాళం ఏ ఇంట్లో ఉంటుందో ఆ గోడ మీదే పెయింటుతో రాయించండి. తాళాలు కూడా రెండు చేయించి, రెండోది అదే వీధిలో ఎవరి దగ్గరైనా ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా.