వైపర్‌కు, డీఫాగర్‌కు బటన్ ఉండాలి: కేంద్ర రవాణా మంత్రికి తిరుపతి నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి నమస్కారాలు.

అయ్యా, కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ కార్లలో డ్రైవర్ చేతికి అందాల్సిన స్విచ్‌లు ఒక్కొక్కటిగా మాయమై టచ్‌స్క్రీన్‌లోకి వెళ్లిపోతున్నాయి. ఏసీ, అద్దం మీద ఆవిరి పోగొట్టే డీఫాగర్, హెడ్‌లైట్ల సెట్టింగ్, కొన్ని మోడళ్లలో వైపర్ వేగం కూడా గాజు మీద బొమ్మలైపోయాయి. బండి కదులుతుండగా వాడాల్సిన ప్రతి స్విచ్ చేతికి తగిలేలా, చూడకుండానే దొరికేలా ఉండాలని మీ శాఖ నిబంధన తేవాలి. ఈ ఒక్క విషయం అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను. రేణిగుంట ఎయిర్‌పోర్టు, రైల్వే స్టేషన్, అలిపిరి, కొండ. మధ్యమధ్యలో కాణిపాకం, శ్రీకాళహస్తి, బేరం కుదిరితే మొగిలి ఘాట్ మీదుగా బెంగళూరు. డీజిల్ బండి అమ్మేసి ఎలక్ట్రిక్ కారు కొన్నాను. కొన్నందుకు సంతోషంగానే ఉన్నాను. నిండా జనం, డిక్కీ నిండా లగేజీ ఉన్నా కొండ ఎక్కేటప్పుడు బండి ఆయాసపడదు, పొగ రాదు. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌లా పనిచేసి బ్యాటరీలోకి కొంత కరెంటు తిరిగి పంపిస్తుంది. 2022 సెప్టెంబర్ నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా ఈ దారిలోనే తిరుగుతున్నాయి. స్వామివారి కొండ మీద గాలి బాగుండాలంటే రావాల్సింది ఈ బండ్లే. అందుకే వీటిలో ఉన్న లోపం ఇప్పుడే సరిచేయాలని నా ఆరాటం.

మా ఘాట్ రోడ్ల సంగతి మీకు కొంత తెలిసే ఉంటుంది. 2023 జూలైలో మీరు తిరుపతి వచ్చి హైవే పనులకు శంకుస్థాపన చేశారు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, తర్వాత వేసిన రెండోది ఎక్కడానికి వాడుతున్నాం. రెండూ వన్‌వే. వేగం అదుపులో ఉండాలని దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ నియమం పెట్టింది. మోకాళ్ల మెట్టు ప్రాంతంలో నడకదారి భక్తులు రోడ్డు పక్కనే నడుస్తుంటారు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, కర్ర పట్టుకున్న పెద్దవాళ్లు. వాళ్ల పక్క నుంచి బండి తీసేటప్పుడు డ్రైవర్ కళ్లు రోడ్డు వదలకూడదు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ వానలు. మబ్బు రోడ్డు మీదికి దిగిపోతుంది. 2021 డిసెంబర్ 1న ఎక్కే ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడిన సంగతి దేశమంతా టీవీల్లో చూసింది. అలాంటి రోజుల్లో తడిసిన బట్టలతో నలుగురైదుగురు కారెక్కి తలుపులు వేసుకున్నారంటే, చూస్తుండగానే ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేస్తుంది. నా పాత బండిలో అయితే ఎడమ చెయ్యి చాపి నాబ్ తిప్పేవాణ్ణి. ఎంత తిప్పానో వేళ్లకే తెలిసేది. తల తిప్పాల్సిన పనే ఉండేది కాదు.

ఇప్పుడేం చేయాలో చెబుతాను. తెర మీద మ్యాప్ ఉంటుంది. కింద వరసలో ఫ్యాన్ బొమ్మ వెతికి నొక్కాలి. ఏసీ పేజీ తెరుచుకుంటుంది. అందులో ముందు అద్దం బొమ్మ, వెనక అద్దం బొమ్మ పక్కపక్కనే, చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వేలు తడిగా ఉంటే ఒక్కోసారి నొక్కినా పలకదు. బండి గతుకులో ఊగితే వేలు పక్క గడి మీద పడుతుంది, ఇంకేదో ఆన్ అవుతుంది. పని అయిందా లేదా అన్నది వేలికి తెలియదు కాబట్టి మళ్లీ తెర వైపు చూడాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా వెళ్తాం. మూడు సెకన్లు తెర చూస్తే 25 మీటర్లు చూడకుండా నడిపినట్టే. మా హెయిర్‌పిన్ మలుపుల్లో 25 మీటర్లంటే దాదాపు మలుపంతా.

"వాయిస్ కమాండ్ ఉంది కదా" అంటారు షోరూమ్ వాళ్లు. టాపు మీద వాన మోత, వెనక సీట్లో అందరూ గొంతెత్తి "గోవిందా గోవిందా" అంటుంటే నా మాట దానికి వినబడదు. వినబడ్డా నా చిత్తూరు యాస సగం దానికి అర్థం కాదు. భక్తుల్ని గోవింద నామం ఆపమని నేను చెప్పలేను, చెప్పను కూడా.

ఇది నా ఒక్కడి బాధ కాదని చెప్పడానికి బయటి దేశాల్లో చేసిన పరీక్షలున్నాయి. 2022లో స్వీడన్‌కు చెందిన 'వి బీలాగరె' అనే కార్ల పత్రిక పదకొండు కొత్త కార్లను, బటన్లున్న 2005 నాటి వోల్వో వి70ని తీసుకుని ఒక ఎయిర్‌ఫీల్డ్‌లో పోటీ పెట్టింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ ఏసీ, రేడియో, డాష్‌బోర్డు వెలుతురు లాంటి నాలుగు పనులు చేయాలి. కార్లతో అలవాటు పడటానికి డ్రైవర్లకు ముందే సమయం ఇచ్చారు. పాత వోల్వోలో ఆ పనులన్నీ పది సెకన్లలో అయిపోయాయి. ఆ లోపు కారు 306 మీటర్లు వెళ్లింది. అన్నిటికంటే వెనకబడిన ఎంజీ మార్వెల్ ఆర్ అనే ఎలక్ట్రిక్ కారులో అవే పనులకు 44.6 సెకన్లు పట్టింది. కారు 1,372 మీటర్లు దాటిపోయింది. పదిహేడేళ్ల పాత బండి కొత్తవాటి కంటే నయమని తేలిందంటే మనం ఎటు వెళ్తున్నామో ఆలోచించాలి.

బ్రిటన్‌లో టీఆర్ఎల్ అనే రవాణా పరిశోధన సంస్థ 2020లో చేసిన అధ్యయనంలో, కారు తెరలో ఫోన్ యాప్‌లను వేలితో వాడుతున్న డ్రైవర్ల స్పందన సగానికి పైగా మందగించింది. చట్టం అనుమతించే హద్దు దాకా మద్యం తాగినప్పటి మందగింపు కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. జర్మనీలో వాన పడుతుండగా తెర మీద వైపర్ వేగం మార్చబోయి రోడ్డు దిగిపోయిన ఒక టెస్లా డ్రైవర్‌కు కింది కోర్టు వేసిన జరిమానాను, నెల రోజుల డ్రైవింగ్ నిషేధాన్ని 2020లో కార్ల్స్‌రూహె హైకోర్టు ఖాయం చేసింది. ఈ తీర్పు గురించి చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. వానలో వైపర్ వేగం పెంచుకోవడం డ్రైవర్ చేయాల్సిన పని. దాన్ని తెరలో పెట్టినవాళ్లకు శిక్ష లేదు.

అమెరికా నౌకాదళం సంగతీ చెప్పాలి. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర జాన్ ఎస్. మెకెయిన్ అనే యుద్ధనౌక ఒక ట్యాంకర్‌ను ఢీకొని పది మంది నావికులు చనిపోయారు. టచ్‌స్క్రీన్‌తో నడిచే స్టీరింగ్ వ్యవస్థలో ఏ నియంత్రణ ఎవరి చేతిలో ఉందో సిబ్బందికి అర్థం కాకపోవడం ప్రమాద కారణాల్లో ఒకటని విచారణలో తేలింది. ఆ తర్వాత నౌకాదళం అలాంటి ఓడల్లో తెరల స్థానంలో మళ్లీ చేత్తో తోసే లివర్లు పెట్టాలని నిర్ణయించింది. శిక్షణ పొందిన నావికులకే అంత తికమక అయితే, నిన్న షోరూమ్ నుంచి బండి తెచ్చుకున్న మనిషి సంగతేమిటి?

మన చట్టం ఈ విషయంలో ఒక కన్నే తెరిచి చూస్తోంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. 184వ సెక్షన్ ప్రకారం నడుపుతూ చేతిలో ఫోన్ వాడితే అది ప్రమాదకర డ్రైవింగ్. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఇది న్యాయమైన చట్టం. అయితే ఫోన్‌కు రెండింతల తెరను డాష్‌బోర్డుకు బిగించి, ఏసీ తగ్గించాలన్నా దాని మీదే వేలు పెట్టమంటే దానికి అడ్డు చెప్పే నిబంధన లేదు. రెండు చోట్లా కళ్లు రోడ్డు మీద నుంచి తప్పుకుంటున్నాయి.

ఇక మా ఘాట్ డ్రైవర్లకు ప్రాణం లాంటి విషయం రీజెన్. ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగు అని మా పెద్దవాళ్లు నేర్పారు. బ్రేకు మీదే దిగితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఎలక్ట్రిక్ కారులో గేర్లు లేవు. ఇంజిన్ పట్టి ఉంచే ఆ పని రీజెన్ చేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారు బండిని వెనక్కి లాగుతుంది. ఎంత లాగాలో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కొన్ని కార్లలో దీనికి స్టీరింగ్ వెనక ప్యాడిల్స్, అంటే వేలికి అందే చిన్న మీటలు ఇచ్చారు. అది చాలా మంచి పద్ధతి. వేలితో ఒక్క నొక్కు, మలుపుకు తగ్గట్టు బండి అదుపులోకి వస్తుంది. మరికొన్నింటిలో ఇదే పనికి మెనూలోకి వెళ్లి, డ్రైవ్ సెట్టింగ్స్ తెరిచి, అక్కడ మార్చాలి. దిగుడులో మెనూలు తెరిచే తీరిక ఎవరికి ఉంటుంది?

ఇంకో ప్రమాదం ఉంది. కొండ మీద బ్యాటరీ నూటికి నూరు శాతం నింపుకుని దిగడం మొదలుపెడితే, కొత్త కరెంటు పట్టే చోటు ఉండదు కాబట్టి చాలా కార్లలో రీజెన్ తగ్గిపోతుంది. రోజూ కాలు తీస్తే ఆగే బండి ఆ రోజు ఆగదు. ఈ హెచ్చరిక తెర మీద ఒక మూల చిన్న గుర్తుగా వచ్చి ఊరుకుంటుంది. సొంత కార్లలో మొదటిసారి కొండకు వచ్చే కుటుంబాలకు ఇది ఎవరు చెబుతారు? అలిపిరి దగ్గర నాకు తెలిసిన డ్రైవర్లు కొండ మీద 80 శాతం దాటి ఛార్జింగ్ పెట్టరు. ఈ జాగ్రత్త కారు కంపెనీ నేర్పింది కాదు, ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నాం.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల గురించి కూడా వినండి. ఒక రాత్రి నా కారుకు అప్‌డేట్ వచ్చింది. పొద్దున్నే దర్శనానికి వెళ్లే వాళ్లను ఎక్కించుకుని బయల్దేరితే, డీఫాగర్ బొమ్మ ఉన్న చోట లేదు. ఇంకో పేజీలో ఉంది. కపిలతీర్థం దగ్గర బండి పక్కకు ఆపి వెతుక్కున్నాను. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "కొత్త వెర్షన్‌లో అంతే సార్, అలవాటైపోతుంది" అన్నారు. నా చేతికి అలవాటైన స్విచ్‌ను నన్ను అడగకుండా రాత్రికి రాత్రి మార్చే హక్కు ఎవరికీ ఉండకూడదు.

కంపెనీలు ఇలా ఎందుకు చేస్తున్నాయో మెకానిక్‌లను అడిగితే చెబుతారు. ఒక్కో స్విచ్‌కు అచ్చు, వైరింగ్, పరీక్షలు కావాలి. తెర ఒక్కటి బిగిస్తే అవన్నీ ఆదా. షోరూమ్‌లో కూడా పెద్ద తెర చూడగానే కొనేవాళ్లు మురిసిపోతారు. ఎలక్ట్రిక్ కారుకు, తెరకు అసలు సంబంధమే లేదు. బ్యాటరీతో నడిచే బండికి బటన్లు పెట్టకూడదని ఎక్కడా లేదు. ఫోక్స్‌వ్యాగన్ లాంటి సంస్థే వాల్యూమ్, ఫ్యాన్, హజార్డ్ లైట్ల లాంటి వాటికి మళ్లీ బటన్లు ఇస్తామని ప్రకటించింది. కార్ల భద్రతను పరీక్షించి స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్, వైపర్, హారన్, అత్యవసర సాయం కోరే ఎస్ఓఎస్‌లకు చేతికి తగిలే స్విచ్‌లు ఉంటేనే భద్రతలో పూర్తి మార్కులు వేస్తోంది.

మన దేశంలో అదే పని చేసే భారత్ ఎన్‌క్యాప్‌ను 2023 ఆగస్టులో ప్రారంభించింది మీరే. స్టార్ రేటింగ్ చూసి కారు కొనే అలవాటు మనవాళ్లకు అప్పటి నుంచే బలపడింది. అందులో ఈ స్విచ్‌ల నియమం చేర్చండి. వైపర్, ఇండికేటర్, హజార్డ్, హారన్, హెడ్‌లైట్లకు బటనో లివరో లేని కారుకు ఐదు స్టార్లు ఇవ్వొద్దు. మన వానలకు, మన కొండదారులకు డీఫాగర్‌నూ, రీజెన్‌నూ ఆ జాబితాలో కలపండి. ఈ రెండూ యూరప్ జాబితాలో లేవని వదిలేయొద్దు. నడిపేటప్పుడు వాడే బొమ్మల చోటు మార్చే అప్‌డేట్ అయితే, యజమాని ఒప్పుకున్నాకే దిగేలా చూడండి. మ్యాప్, పాటలు, రివర్స్ కెమెరా తెరలోనే ఉండనివ్వండి. వాటితో నాకు పేచీ లేదు, అవి పనికొస్తున్నాయి.

లారీ డ్రైవర్ల క్యాబిన్‌లో ఏసీ ఉండాలని ఏళ్ల తరబడి పట్టుబట్టింది మీరే. ఖర్చు పెరుగుతుందని కంపెనీలు అన్నా వినకుండా 2025 అక్టోబర్ నుంచి తప్పనిసరి చేశారు. ఎండలో ఉడికే డ్రైవర్ సరిగ్గా నడపలేడని మీరు గుర్తించారు కాబట్టే ఈ లేఖ మీకే రాస్తున్నాను.

చివరగా ఒక చిన్న కోరిక. ఇలాంటి నిబంధనల ముసాయిదాలు ఇంగ్లిష్‌లో, హిందీలో వస్తాయి. అభిప్రాయం చెప్పే గడువు అయిపోయాక గానీ మాలాంటి వాళ్లకు తెలియదు. ఈసారి ముసాయిదాను తెలుగులో కూడా పెట్టించి, ఆర్టీవో ఆఫీసుల్లో, ట్యాక్సీ స్టాండ్లలో అతికించమని చెప్పండి. అభిప్రాయం రాసి పంపడానికి మా స్టాండులో చాలామంది సిద్ధంగా ఉన్నారు. మీ అధికారులు నవంబర్ వానల్లో వస్తే, నా కారులోనే రెండు ఘాట్ రోడ్లూ తిప్పి చూపిస్తాను.

ఇట్లు,
ఒక ట్యాక్సీ డ్రైవర్,
అలిపిరి, తిరుపతి.