ఆన్‌లైన్ సంగీతం క్లాసుల్లో మార్పులు: తల్లిదండ్రులకూ, పెద్ద శిష్యులకూ

నమస్కారం. వచ్చే నెల 1 నుంచి ఆన్‌లైన్ గ్రూప్ క్లాసులు ఆపేస్తున్నాను. ఒక్కొక్కరికీ విడిగా అరగంట చెప్పేవి మాత్రమే ఉంటాయి. కారణం దాచుకోను.

వేసవి సెలవులకి డల్లాస్ నుంచి వచ్చిన శిష్యుడొకడు, ఇక్కడ కాకినాడలో మా ముందుగదిలో చాప మీద కూర్చుని సరళీ వరుసలు, అంటే మొట్టమొదటి స్వర పాఠాలు, పాడాడు. తాళం తప్పలేదు, గొంతూ బాగుంది. రిషభమే, అంటే ‘రి’ స్వరమే, ఎక్కడో పలుకుతోంది. ఆ వరుసలు పాడే మాయామాళవగౌళ రాగంలో శుద్ధ రిషభం షడ్జమాన్ని, అంటే ‘స’ని, ఆనుకుని ఉండాలి. వాడు దానికంటే కాస్త పైన ఉండే చతుశ్రుతి రిషభం పాడుతున్నాడు. మిగతా స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి అది కాస్తా సరసాంగి అయి కూర్చుంది. ఆరు నెలలు ఫీజు తీసుకుని, నాకే తెలియకుండా ఇంకో రాగం నేర్పానన్నమాట!

ఇన్నాళ్లూ ఎందుకు వినపడలేదంటే, గ్రూపులో ఎనిమిది మందినీ మ్యూట్‌లో పెట్టేదాన్ని. పెట్టక తప్పదు. గొంతు ఇక్కడి నుంచి అక్కడికి చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది. మాట్లాడుకోవడానికి ఫర్వాలేదు గానీ కలిసి పాడటం కుదరదు. ఆది తాళంలో నేనొక దెబ్బ వేస్తే ఎనిమిది ఇళ్ల నుంచి ఎనిమిది దెబ్బలు వినిపిస్తాయి. విడివిడిగా పాడించుకుందామంటే ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలే. పైగా ఆగకుండా మోగే తంబూర శ్రుతిని ఫ్యాన్ చప్పుడనుకుని యాప్ కోసేస్తుంది. సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేసుకోవాలని నాకు రెండేళ్లకి గానీ తెలియలేదు.

అలాగని ఆన్‌లైన్ దండగ అనను. 2020 లాక్‌డౌన్‌లో మా ఇల్లు గడిచింది దానివల్లే. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, పిల్లల మధ్య కూర్చుని సరిగమలు పాడటానికి సిగ్గుపడి రెండుసార్లు మా గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారట. చివరికి ఫోన్లో కెమెరా ఆపుకుని మొదలుపెట్టారు. ఇప్పుడు, మొదటి పాఠాలన్నీ దాటాక నేర్పే వర్ణం పాడుతున్నారు. క్లాసు రికార్డింగులు పదేసి సార్లు వినేదీ ఆయనే. ఏడేళ్ల లోపు పిల్లలకి మాత్రం ఇకపై ఆన్‌లైన్‌లో మొదలుపెట్టను. మీ ఊళ్లో గురువు దొరికితే అక్కడే చేర్చండి, నేనేమీ అనుకోను.

విడి క్లాసంటే ఫీజు పెరుగుతుంది. కొందరు మానేస్తారని తెలుసు, నాకూ టెన్షన్‌గానే ఉంది. గ్రూపులో ఉన్నవాళ్లకి మొదటి నాలుగు విడి క్లాసులు ఉచితం. మళ్లీ సరళీ వరుసల నుంచి అందరి స్వరస్థానాలూ విని సరిచేస్తాను.

అమెరికాలో ఉన్నవాళ్లకో మాట. నవంబరు మొదటి ఆదివారం మీ గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, మావి కదలవు. డల్లాస్‌లో ఉదయం 8 గంటల క్లాసు నాకు ఇప్పుడు సాయంత్రం 6:30కి, అప్పుడు 7:30కి. పోయినేడు అది మర్చిపోయి గంటసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాను. ఎవరికి ఏ టైము కావాలో 25లోగా వాట్సాప్ చేయండి. శ్రుతి మీ వైపే పెట్టుకోండి, ఫోనుకి కాస్త దూరంగా.