టైసన్‌కి ఇల్లు దొరికింది. ట్రాలీ ఆటో బాబాయ్, మీకు దండం

నిన్న సాయంత్రం టైసన్ నున్న దగ్గర ఒక మామిడితోటకి వెళ్లిపోయాడు. ఒళ్లంతా నొప్పులు, కళ్లు మండుతున్నాయి, అయినా నిద్ర రావడం లేదు. మళ్లీ పనుల్లో పడితే ఎవరినైనా మర్చిపోతానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. టైసన్ రాట్‌వైలర్, పెద్ద కాపలా జాతి కుక్క. ఆటోనగర్‌లో గోడౌన్ ఖాళీ చేసిన యజమాని వాడిని గొలుసుతోనే వదిలేసి పోయాడు. మూరెడు గొలుసు. మెడ కోసుకుపోయి పుండులో పురుగులు పట్టాయి. అన్నం పెట్టబోయిన హమాలీ చెయ్యి కరిచాడని పిచ్చికుక్క అని పేరు పెట్టేశారు. ఎవరికి ఫోన్ చేసినా ఒకటే మాట, వీధికుక్కయితే బండి పంపుతాం, పెంపుడు కుక్కయితే మాకు సంబంధం లేదని. షెల్టర్లలో పెద్ద కుక్కని విడిగా ఉంచే చోటు లేదు. ఒక క్లినిక్‌లో అయితే కుక్కని చూడకుండానే ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తీసేద్దాం అన్నారు.

ఆ రోజే ట్రాలీ ఆటో నడిపే బాబాయ్ పక్క షాపుకి ఇనుము లోడు కోసం వచ్చారు. నా ఏడుపు మొహం చూసి ఏంటమ్మాయ్ అని అడిగారు. వద్దంటున్నా లోపలికెళ్లి, గొలుసు అందనంత దూరంలో పక్కకి తిరిగి నేల మీద కూర్చున్నారు. వాడి కళ్లలోకి చూడలేదు, పేరు పెట్టి పిలవలేదు. కోడి లివర్ ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ ఉన్నారు, అంతే. ఆయనది మాచర్ల వైపు. కుర్రతనంలో బండలాగుడు పోటీలకి ఒంగోలు గిత్తల్ని మేపారట. ‘‘బెదిరిన జీవానికి ఎదురు నిలబడకూడదమ్మాయ్, దానికి పోయే దారి వదలాలి’’ అన్నారు. చీకటి పడేసరికి టైసన్ ఆయన చెయ్యి పక్కన వేసిన ముక్క తిన్నాడు. తెల్లారి మళ్లీ వచ్చారు. పొడుగు తాడు కట్టి, లివర్ చూపిస్తూ ఆటో ఎక్కించారు. ఎవరూ కర్ర పట్టలేదు.

గన్నవరం పశువైద్య కళాశాలలో మత్తిచ్చి పుండు శుభ్రం చేశారు. రక్తపరీక్షలో టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం, తేలింది. రెండు చెవుల్లోనూ చీము. తలమీద చెయ్యి పడితే ఎందుకు కరుస్తాడో అప్పుడర్థమైంది. నొప్పి తగ్గకుండా ఏ ట్రైనింగూ పనిచేయదని అక్కడి డాక్టరుగారు చెప్పారు, అదే నిజమైంది.

ఇంటికి తెచ్చాక మొదటి రాత్రులు భయంకరం. లిఫ్ట్ చప్పుడైతే చాలు, గోడకేసి గుద్దుకుంటూ మొరిగేవాడు. కింద ఫ్లాట్లవాళ్లు తలుపులు కొట్టేవారు. ఒక రాత్రి నేను మెట్లమీద కూర్చుని ఉన్నాను, లేవడానికి ఓపిక లేదు. బాబాయ్ చాప చంకలో పెట్టుకుని వచ్చారు. ‘‘నువ్వెళ్లి పడుకో తల్లీ, తెల్లారేదాకా వాడి దగ్గర నేనుంటా’’ అన్నారు. తెల్లవారుజామున ఆయనకి గుంటూరు మిర్చియార్డుకి లోడు ఉంది. అయినా వచ్చారు. నాకు అప్పుడు వచ్చిన ఏడుపు ఇప్పటికీ ఆగడం లేదు. ఏ బంధుత్వమూ లేని మనిషి నన్ను పడుకోమన్నాడు, ఇంకేం రాయను.

గుర్రుమంటే కొట్టొద్దని నేర్పింది కూడా ఆయనే. గుర్రుమనడం మాన్పిస్తే చెప్పకుండా కరుస్తాడట. పెదాలు నాక్కుంటే, ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడితే మేమే వెనక్కి జరిగేవాళ్లం. మూతికి బుట్ట మాస్క్ తెచ్చి, లోపల పెరుగు రాసి, వాడంతట వాడే మూతి పెట్టేదాకా ఆగాం. గుడ్డ మాస్క్ వద్దు. నోరు తెరిచి వగర్చకపోతే బెజవాడ ఎండకి ప్రాణం పోతుంది. మనుషుల్ని ముందు వీధి చివరినుంచి చూపించి ముక్క పెట్టడం, తర్వాత కొంచెం దగ్గరగా. తోట రైతుగారు కూడా ఇలాగే పరిచయమయ్యారు. గేటు అవతల కూర్చుని పేపర్ చదువుకునేవారు. వాడే వెళ్లి వాసన చూశాడు.

ఒక్క విషయం కడుపులో దాచుకోలేను. మాకు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. 2024 మార్చిలో కేంద్రం 23 కుక్క జాతుల్ని నిషేధించమని రాష్ట్రాలకి రాసిన లెటర్ అందులో అంటించారు. ఆ లెటర్‌ని ఏప్రిల్‌లోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు కొట్టేశాయి. అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. కాగితాలన్నీ తీసుకెళ్లి చూపించినా ఎవరూ చదవలేదు. గొలుసుకి కట్టి వదిలేసిపోయినవాడికి మాత్రం ఒక్క నోటీసూ లేదు. 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం.

మావారికి, అమ్మకి, పిల్లలకి థాంక్స్, వాళ్లు ఉన్నారు కాబట్టే ఇల్లు నడిచింది.

అయ్యో, రెండో గేటు బిగించిన వెల్డింగ్ షాపు అన్నయ్యా, మీ పేరు ముందే రాయాల్సింది. రోజూ లివర్ పక్కన పెట్టిన చికెన్ షాపు తమ్ముడూ, రాత్రి షట్టర్ ఎత్తి మందులిచ్చిన మెడికల్ షాపు అబ్బాయీ, పెరుగు పంపిన రెండో అంతస్తు పిన్నిగారూ, అందరికీ దండాలు. కరిపించుకున్న హమాలీ అన్న కేసు పెట్టకుండా, సూదులు వేయించుకుని వచ్చి ‘‘కుక్క ఎట్టుంది’’ అని అడిగారు. ఆయనకి కూడా.

నున్న వైపు వాళ్లకి ఒక మనవి. తోట గేటు బయటనుంచి చెయ్యి పెట్టి పిలవకండి, బిస్కెట్లు వేయకండి. కొన్ని వారాలు వాడిని వాడి మానాన వదిలేయండి. బాబాయ్, మీ చాప మా మేడమీదే ఉండిపోయింది, ఆదివారం మావారు తెచ్చిస్తారు.