మందును తట్టుకునేది మన ఒళ్లు కాదు

సంపాదకులకు నమస్కారం.

"యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడితే ఒంటికి అలవాటైపోయి తర్వాత పనిచేయవు" అనే వాక్యం ఆరోగ్య పేజీల్లో తరచూ కనిపిస్తోంది. మైక్రోబయాలజీ పాఠాలు చెప్పే నాకు అది చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది. దాన్ని సరిదిద్దమని అడగడానికే ఈ ఉత్తరం.

మందును తట్టుకునేది బాక్టీరియా. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 12 దేశాల్లో సర్వే చేస్తే, 76 శాతం మంది శరీరమే మందును తట్టుకుంటుందని చెప్పారు. ఈ పొరపాటు వల్ల నష్టం చాలా ఉంది. అలా నమ్మిన మనిషి "నేను మందులు పెద్దగా వాడను, నాకేం భయం" అనుకుంటాడు. కానీ మందుకు లొంగని బాక్టీరియా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఒక్క మాత్ర కూడా మింగని పసిబిడ్డకూ సోకుతుంది.

అలవాటు అనే మాట కూడా సరికాదు. ఈ.కోలై బాక్టీరియానే తీసుకోండి. దానిలో సుమారు 4,300 జన్యువులుంటాయి. తిండి, వెచ్చదనం సరిపడా ఉంటే 20 నిమిషాల్లో ఒకటి రెండవుతుంది. అంత వేగంగా డీఎన్‌ఏకు నకళ్లు తీస్తుంటే అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. చాలా తప్పుల వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఎప్పుడో ఒకటి మాత్రం మందు అతుక్కునే చోటునే మార్చేస్తుంది. క్షయ రోగుల్లో రిఫాంపిసిన్ పనిచేయకపోవడానికి ఎక్కువగా ఆర్‌పీఓబీ అనే ఒక్క జన్యువులోని మార్పులే కారణం. మందు వేసినప్పుడు మార్పు లేనివి చచ్చిపోతాయి, ఉన్నవి ఆ ఖాళీలో పెరుగుతాయి.

జన్యువు మారకుండానే బతికిపోయేవీ కొన్ని ఉంటాయి. అవి ఎదుగుదల ఆపేసి నిద్రపోతున్నట్టు ఉండిపోతాయి. పెన్సిలిన్ పెరుగుతున్నవాటినే చంపుతుంది కాబట్టి ఇవి తప్పించుకుంటాయి. జోసెఫ్ బిగ్గర్ అనే శాస్త్రవేత్త 1944లోనే ఈ సంగతి రాశాడు.

నాకు ఎక్కువ టెన్షన్ కలిగించేది ఇంకొకటి. బాక్టీరియా తమ జన్యువులను పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా ఇచ్చేయగలవు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఆ జన్యువులు చేతులు మారతాయి. వేరే మందులు పనిచేయనప్పుడు చివరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందని 2015లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది పందుల్లో, మాంసంలో, రోగుల్లో కూడా దొరికింది. అక్కడ పశువులు త్వరగా బరువు పెరగాలని మేతలో ఆ మందు కలిపేవారు. 2017లో చైనా ప్రభుత్వం దాన్ని ఆపించింది. తర్వాతి సంవత్సరాల్లో పందుల్లోనూ మనుషుల్లోనూ ఆ జన్యువు బాగా తగ్గింది. దాన్ని మోయడం బాక్టీరియాకు భారమే మరి. మందు లేనిచోట ఆ భారం లేనివి ముందుకెళతాయి. తరగతిలో ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ధైర్యం వస్తుంది.

కాబట్టి నా విన్నపం రెండు మాటలే. ఇకమీద "ఒంటికి అలవాటవుతుంది" అని కాకుండా "మందును తట్టుకునే బాక్టీరియా మిగిలిపోయి వ్యాపిస్తాయి" అని రాయండి. పశువుల మేతలో కలిపే యాంటీబయాటిక్స్ వార్తలను వ్యవసాయ పేజీకే వదిలేయకుండా ఆరోగ్య పేజీలోనూ వేయండి.

భవదీయుడు,
ఒక మైక్రోబయాలజీ అధ్యాపకుడు