ట్రైలరులో పారిన నది ఆటలో లేదు: సొమ్ము వాపసు కోరుతూ ఫిర్యాదు

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,
వీడియో గేమ్ విక్రయ విభాగం, భారత కార్యాలయం.

విషయం: మీ అంతరిక్ష అన్వేషణ ఆట ప్రకటనలో చూపినవి ఆటలో లేకపోవడం, వాపసు నిరాకరణ గురించి.

ఆర్యా,

మీ సహాయ విభాగం పంపిన జవాబు చదివాక ఈ ఉత్తరం రాస్తున్నాను. "విశ్వం విశాలమైనది, దయచేసి ఓపిక పట్టండి, ఈ తరహా గొప్ప ఆటలన్నీ కాలక్రమంలో మెరుగుపడినవే" అని అందులో ఉంది. విశ్వం ఎంత విశాలమో నేను అడగలేదు. ట్రైలరులో చూపించిన నది ఆటలో ఎక్కడుందని అడిగాను. నలుగురం ఒకే చోట నిలబడితే ఒకరికొకరం ఎందుకు కనపడలేదని అడిగాను. రెండింటికీ జవాబు రాలేదు కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందు నది సంగతి. నేను పాలకొల్లువాణ్ణి. మా నాన్నగారు కాలువ లాకుల దగ్గర నీళ్ళు చూసుకునే లస్కరుగా పనిచేశారు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలడం, ఇంకా కింద వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోవడం, మధ్యలో లంకలు పుట్టడం, వరదకు కోసుకుపోవడం మేము పుస్తకాల్లో చూసి నేర్చుకున్నవి కావు. అందుకే మీ ట్రైలరులో రెండో నిమిషం దాటాక వచ్చే దృశ్యం నన్ను పట్టేసింది. కొండల్లో పుట్టిన నది మైదానంలోకి దిగి, మూడు పాయలై, లంకలను చుట్టుకుంటూ వెళ్ళి సముద్రంలో కలుస్తుంది. ఒక పాయలో నీళ్ళు ఎర్రగా, పక్క పాయలో తేటగా ఉన్నాయి. ఎర్రనీరు దిగే రోజుల్లో వశిష్ఠను గట్టు మీద నిలబడి చూసినవాళ్ళెవరో గీశారనుకున్నాను. కింద చిన్న అక్షరాల్లో "ఆటలోనే తీసిన దృశ్యాలు" అని ఉంది. ఆ మాట నమ్మి, విడుదలకు ముందే దాదాపు ఐదు వేల రూపాయలు కట్టాను.

ఆటలో నీళ్ళున్నాయి. పారవు. ఒక గ్రహం మీద కొండ నెత్తి నుంచి లోయలోకి నడిచి దిగాను. అడుగున ఏరు ఉండాల్సిన చోట పొడి నేల. ఇంకా దిగితే ఒక చోట గీత గీసినట్టు నీళ్ళు మొదలయ్యాయి. ఒక ఖాళీ పెట్టెను నీళ్ళలో వదిలితే అది పడిన చోటే తేలుతూ ఉండిపోయింది. తర్వాత మంచు గ్రహానికి వెళ్ళినా, అడవి గ్రహానికి వెళ్ళినా ఇదే వరస. గ్రహమంతటికీ ఒకటే మట్టం. దానికి దిగువన ఉన్న నేలంతా సముద్రం, ఎగువన ఉన్నదంతా ఆరిన మెట్ట. వాగు లేదు, ఏరు లేదు, పాయ లేదు. పోటూ లేదు, పాటూ లేదు.

పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను కాబట్టి ఇందుకు కారణం కొంత ఊహించగలను. ఇన్ని గ్రహాలను ఎవరూ చేత్తో గీయరు. ఒక సంఖ్యను బీజంగా ఇస్తే గణిత సూత్రం దాని నుంచి కొండలను, లోయలను పుట్టిస్తుంది. ఆటగాడు చేరినప్పుడు పుడతాయి, వెళ్ళిపోతే చెరిగిపోతాయి. బీజం మారదు కాబట్టి మళ్ళీ వెళితే మళ్ళీ అవే కొండలు. తెలివైన పద్ధతే, మా విద్యార్థులకు నేనే మెచ్చుకుంటూ చెబుతాను. అయితే ఆ సూత్రం ప్రతి చోటి ఎత్తునూ విడిగా లెక్కిస్తుంది. పక్కన ఏముందో దానికి అక్కర్లేదు. నది విషయంలో అలా కుదరదు. నరసాపురం దగ్గర నీళ్ళు ఎన్ని ఉండాలో తేలాలంటే పైన నాసిక్ దాకా ఎక్కడ వాన కురిసి ఎటు వాలిందో తెలియాలి. ఎగువ లెక్క పూర్తి కాకుండా దిగువ గీయలేరు. అప్పటికప్పుడు పుట్టే గ్రహం మీద నదిని పారించడం కష్టమని నాకే తెలిసినప్పుడు మీ ఇంజనీర్లకు తెలియకపోదు. చేయలేకపోవడం నేరమని నేను అనడం లేదు. చేయలేదని తెలిసి, ఆ ఒక్క దృశ్యాన్ని విడిగా తయారుచేయించి, దాని కింద "ఆటలోనే తీసిన దృశ్యాలు" అని రాయడమే నా ఫిర్యాదు.

రెండోది, "మిత్రులతో కలిసి ఒకే విశ్వం" అన్న మీ ప్రకటన. నేనిక్కడ, వశిష్ఠకు అవతల రాజోలులో ఒకడు, యానాంలో ఒకడు, ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిన ఇంకొకడు. కలిసి చదువుకున్నవాళ్ళం, ఇప్పుడు సంక్రాంతికి కూడా నలుగురం ఒకేసారి దొరకం. అందుకే నలుగురమూ విడివిడిగా నాలుగు కాపీలు కొన్నాం. ఒక గ్రహం, దాని మీద ఒక చోటు గుర్తు చెప్పుకుని ఎర్రటి రాతి స్తంభం దగ్గరకు చేరాం. అందరం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. "స్తంభం ఎక్కాను, దూకుతున్నాను, చూడండి" అన్నాడు రాజోలు మిత్రుడు. మిగిలిన ముగ్గురం తలెత్తి చూశాం. పైన ఎవరూ లేరు. "మీకూ చీకటి పడిపోయిందా?" అని యానాం నుంచి ప్రశ్న. నా తెర మీద మిట్టమధ్యాహ్నం. కాసేపటికి రాజోలు మిత్రుడు, "చించినాడ వంతెన దాటితే మీ ఊరే కదరా, కలుసుకోవడానికి ఇంత దూరం రావాలా" అని ఫోను పెట్టేశాడు. తర్వాత మీ సహాయ పేజీలో ఒక మూల చదివితే తెలిసింది: "ఒకే విశ్వం" అంటే ఒకరు కనిపెట్టిన గ్రహానికి పెట్టిన పేరు ఇంకొకరికి కనపడుతుందట. అంతే.

ఇది మొదటిసారి జరిగితే ఇంత కోపం వచ్చేది కాదు. 2016 ఆగస్టులో 'నో మ్యాన్స్ స్కై' అనే అంతరిక్ష అన్వేషణ ఆట విడుదలైనప్పుడు జరిగింది మీ సంస్థకు తెలియదనుకోను. ఇంగ్లండులోని గిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో పట్టుమని ఇరవై మంది లేని హలో గేమ్స్ సంస్థ 2013 డిసెంబరులో ఆ ఆటను ప్రకటించింది. 64 బిట్ల సంఖ్య, అంటే 64 సున్నా-ఒకట్లతో కంప్యూటరు రాసుకునే సంఖ్య, ఎంతవరకు లెక్కపెట్టగలదో అన్ని గ్రహాలు, అంటే సుమారు 1.84 లక్షల కోట్ల కోట్లు. గ్రహానికి ఒక్క సెకను చొప్పున చూసినా 58 వేల కోట్ల ఏళ్ళు దాటుతుంది. ఆ సంఖ్యే సగం ప్రచారం చేసిపెట్టింది. ఇంకో ఆటగాణ్ణి కలవవచ్చా అని అడిగితే సంస్థ అధిపతి షాన్ ముర్రే ముఖాముఖీల్లో కలవవచ్చనే అర్థం వచ్చేలా చెబుతూ వచ్చారు. తీరా విడుదల ముంగిట, ఇది పలువురు కలిసి ఆడే ఆట కాదు, ఆ ఆశతో రావద్దని ప్రకటించారు. మొదటి రోజే ఇద్దరు ఆటగాళ్ళు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరి, ఒకరికొకరు కనపడక తెల్లబోయారు. తొలి రోజుల్లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఒకే సమయంలో రెండు లక్షల మందికి పైగా ఆడిన ఆటను కొద్ది వారాల్లోనే అత్యధికులు వదిలేశారు. సమీక్షల్లో తిట్ల వాన కురిసింది. ఆ కోపంలో హద్దు దాటినవాళ్ళూ ఉన్నారు. విడుదల జూన్ నుంచి ఆగస్టుకు వాయిదా పడినప్పుడే చంపుతామని బెదిరించిన ప్రబుద్ధులున్నారు. వాళ్ళ సరసన నన్ను చేర్చకండి. నేను కాగితం మీద అడుగుతున్నాను.

మీ జవాబులో "కాలక్రమంలో మెరుగుపడిన గొప్ప ఆట" అంటే ఏదో నాకు అర్థమైంది, ఇదే. నిజమే, ఆ చిన్న సంస్థ పారిపోలేదు. కొన్ని నెలలు నోరు మెదపకుండా పనిచేసి 2016 నవంబరులో మొదటి పెద్ద మార్పు తెచ్చింది. 2018 జులైలో ఆటగాళ్ళు ఒకరికొకరు కనపడేలా చేసింది. ఆ మార్పులకు అదనంగా రూపాయి అడగలేదు. తిట్టినవాళ్ళే తిరిగి వచ్చి మెచ్చుకున్నారు, ఆ మెప్పుకు వాళ్ళు అర్హులే. అయితే వాళ్ళు దిద్దుకున్న తప్పును మీరు అభయపత్రంగా వాడుకుంటున్నారు. ముందు డబ్బు, తర్వాత ఆట, మధ్యలో ఓపిక అనేది ఈ రంగంలో పద్ధతిగా స్థిరపడిపోయింది. ఆత్రేయపురంలో పూతరేకుల పెట్టె మీద నెయ్యి కారుతున్న బొమ్మ వేసి, లోపల ఉత్త బియ్యపు రేకులు పెట్టి, "నెయ్యి, బెల్లం రెండేళ్ళలో విడతలవారీగా పంపుతాం" అంటే ఆ దుకాణం సాయంత్రం దాకా తెరిచి ఉండదు. 2023లో వెయ్యికి పైగా గ్రహాలంటూ వచ్చిన 'స్టార్‌ఫీల్డ్' ఖాళీగా ఉందని, విసుగ్గా ఉందని జనం సమీక్షలు రాస్తే, చంద్రుడి మీదికి వెళ్ళినవాళ్ళకు అక్కడేమీ లేకపోయినా విసుగు పుట్టలేదని ఆ ఆటను తయారుచేసిన సంస్థ సిబ్బంది జవాబిచ్చారు. మీ "విశ్వం విశాలమైనది" కూడా ఆ బాపతే. చంద్రుడి మీదికి వెళ్ళినవాళ్ళు టికెట్టు కొనుక్కుని వెళ్ళలేదు.

ఆట మొత్తం పనికిరానిదని అంటే అబద్ధమవుతుంది. మా బావమరిది రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ షెడ్డులో లాప్‌టాప్ పెట్టుకుని మీ ఆటే ఆడతాడు. "పలకరించేవాళ్ళు లేకపోవడమే ఇందులో సుఖం బావగారూ" అంటాడు. మా కళాశాలలో ఒక అమ్మాయి గ్రహం గ్రహానికీ మారే ఆకాశం రంగులను ఫోటోలు తీసి దాచుకుంటోంది. యానాం మిత్రుడు ఇప్పటికీ ఆడుతున్నాడు, నన్ను చాదస్తుడని అంటాడు కూడా. ట్రైలరులో నది లేకుండా, మిత్రుల మాట లేకుండా, ఒంటరిగా తిరిగే ఆట అని చెప్పి అమ్మి ఉంటే వాళ్ళు ముగ్గురూ కొనేవారు. నేను కొనేవాణ్ణి కాదు. మీకు పోయేది నా ఐదు వేలు, అంతే కదా.

వాపసు అడిగితే, రెండు గంటలకు మించి ఆడినందువల్ల కుదరదన్నారు. ఈ నిబంధన మీ ఆటకు ఎంత చక్కగా అమరిందో చూడండి. పాడైన నౌకను బాగుచేసుకుని మొదటి గ్రహం వదలడానికే మీ ఆట రెండు గంటల పైన తీసుకుంటుంది. అంతవరకు రెండో గ్రహం చూడలేను, మిత్రుణ్ణి కలవడానికి బయలుదేరలేను. మొదటి గ్రహం మీద నది లేకపోతే రెండోదాని మీద ఉంటుందేమో అనుకునే మనిషికి, మీ గడియారం ప్రకారం అప్పటికే గడువు దాటిపోయింది. నౌక తయారు కాకముందే తలుపు మూస్తారన్నమాట. వాపసు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' అనే ఆట లోపాలతో విడుదలైతే సోనీ ఆ ఆటను తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసేసి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చింది.

మీ న్యాయవాదులు బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ నిర్ణయాన్ని చూపిస్తారేమో. 'నో మ్యాన్స్ స్కై' ప్రకటనలు తప్పుదారి పట్టించేవి కావని ఆ సంస్థ 2016 నవంబరులో తేల్చిన మాట వాస్తవమే. అంకెల నుంచి గ్రహాలు పుట్టే ఆటలో ఒకరు చూసింది ఇంకొకరికి అచ్చంగా కనపడకపోవచ్చు, ఆ తరహావి ఉంటే చాలన్నది అందులో సారం. నేను ట్రైలరులోని నదినే చూపించమనడం లేదు. మీ విశ్వంలో ఏ గ్రహం మీదనైనా సరే, పారే పిల్ల కాలువ ఒక్కటి చూపించండి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.

మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటన అంటే ఏమిటో సెక్షన్ 2(28)లో నిర్వచించింది. వివాదాలన్నీ విదేశంలోనే తేల్చుకోవాలని మీ ఒప్పందంలో రాసుకున్నా, నేను నివసించే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే హక్కు సెక్షన్ 34 నాకిచ్చింది. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాల్సిన బాధ్యత మీదే.

నేను కోరేవి రెండు. మా నలుగురిలో వాపసు కోరుతున్న ముగ్గురికి పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వండి. అమ్మకపు పేజీలో ఆ నది దృశ్యాన్ని, "మిత్రులతో కలిసి" అన్న మాటను తీసేయండి, లేదా ఇవి ప్రస్తుతం ఆటలో లేవని ట్రైలరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో రాయండి. సొమ్ము ఇచ్చి పేజీని అలాగే ఉంచితే ఫిర్యాదు సగమే తీరినట్టు. నెల దాటితే జిల్లా కమిషన్‌లో కలుద్దాం.

జవాబు తెలుగులో ఇచ్చినా, ఇంగ్లీషులో ఇచ్చినా పరవాలేదు. పేరు మార్చి అందరికీ పంపే అచ్చు జవాబు మాత్రం వద్దు. నది ఉందా, లేదా? ఆ ప్రశ్నకు బదులుతోనే ఉత్తరం మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ ఆట కొన్న వినియోగదారుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.

జతపరచినవి: ముగ్గురి కొనుగోలు రసీదులు, ట్రైలరు నుంచి తీసిన నది చిత్రాలు, రాతి స్తంభం దగ్గర నలుగురి తెరల ఫోటోలు, మీ సహాయ విభాగం ఇచ్చిన జవాబు ప్రతి.